బంగారం లెక్కలు – పాఠం 3: పదహారు వన్నెల నుంచి 916 దాకా

గీటురాయి మీద గీత గీసి చూడటం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. గీత చూసి "మంచి బంగారమే" అంటే చాలదు, ఎంత మంచిదో అంకెలో చెప్పగలగాలి. ఆ అంకె ఎలా పుట్టిందో తెలిస్తే సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు.

ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి: ఏ పద్ధతిలో చెప్పినా స్వచ్ఛత ఒక భిన్నం. మొత్తం బరువును కొన్ని భాగాలు అనుకుని, అందులో మేలిమి, అంటే శుద్ధమైన బంగారం, ఎన్ని భాగాలో చెబుతాం. పద్ధతిని బట్టి హారం మారుతుంది, అంతే.

మన దేశంలో పాత హారం 16. ఆ పదహారు భాగాల్లో ఒక్కో భాగం ఒక వన్నె. పెద్దవాళ్లు "పదారు వన్నె బంగారం" అనే మాటలోని పదహారు ఇదే. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతి అనే గణిత గ్రంథంలో బంగారం లెక్కలకు విడిగా ఒక భాగమే ఉంది. అందులోని లెక్క ఒకటి చేద్దాం. 13 వన్నెల బంగారం 10 మాషలు (మాష ఒక పాత చిన్న తూకం), 12 వన్నెలది 4, 11 వన్నెలది 2, 10 వన్నెలది 4 మాషలు. అన్నీ కలిపి కరిగిస్తే వచ్చేది ఎన్ని వన్నెలు?

చాలామంది వన్నెలన్నీ కూడి నాలుగుతో భాగించి పదకొండున్నర అంటారు. అది తప్పు, ఎందుకంటే బరువులు సమానంగా లేవు. ముందు ఒక్కోదాని బరువును దాని వన్నెతో గుణించాలి: 130, 48, 22, 40. కూడితే 240. మొత్తం బరువు 20 మాషలు. 240ని 20తో భాగిస్తే 12 వన్నెలు. ఇవాళ పాత నగలు కరిగించేటప్పుడు వేసే లెక్క కూడా అచ్చంగా ఇదే. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

వన్నెను కొలవడానికి గీతలు పోల్చేవాళ్లు. అక్బర్ కాలంలో, వన్నె ముందే తెలిసిన బంగారాన్ని లోహపు సూదుల చివర అతికించి ఉంచుకుని, వాటి గీత పక్కన పరీక్షించే బంగారం గీత గీసేవారని అక్బర్ పాలన గురించి అప్పట్లో రాసిన ఐనీ అక్బరీ చెబుతోంది. అందులో హారం మాత్రం 16 కాదు, 12. దక్కనులో చెల్లిన హొన్ను అనే బంగారు నాణేన్ని అంతకుముందు పది వన్నెలుగా లెక్కించేవారట. అక్బర్ దాన్ని ఎనిమిదిన్నరకు దించాడు.

ఇక 24. ఇది రోమ్ నుంచి వచ్చింది. 4వ శతాబ్దం మొదట్లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి సాలిడస్ అనే బంగారు నాణెం తెచ్చాడు. ఒక రోమన్ పౌండు బంగారంతో 72 నాణేలు, ఒక్కోటి సుమారు నాలుగున్నర గ్రాములు. ఆ బరువులో 24వ వంతుకు క్యారబ్ చెట్టు గింజ పేరు పెట్టారు. క్యారెట్ అనే మాట అక్కడిదే. నాణెం మొత్తం 24 క్యారెట్లు కాబట్టి స్వచ్ఛతకూ హారం 24 అయింది. ఆ గింజలన్నీ ఒకే బరువు తూగుతాయని చెప్పుకుంటారు కానీ అది నిజం కాదు, మిగతా గింజల్లాగే వాటిలోనూ తేడాలుంటాయి. ఇంకో మాట: వజ్రాల క్యారెట్ వేరు. అది 0.2 గ్రాముల బరువు, స్వచ్ఛత కాదు.

ఇప్పటి హారం 1000. 22 క్యారెట్ల బంగారానికి, 22ని 24తో భాగించి 1000తో గుణిస్తే 916.6. నగ మీద 916 అని ఉండేది అందుకే. 18 క్యారెట్లకు సరిగ్గా 750 వస్తుంది. 14 క్యారెట్లకు లెక్క ప్రకారం 583.3, కానీ ముద్ర 585 అని ఉంటుంది. కంగారు పడకండి, ప్రమాణాన్ని కాస్త పైకి నిర్ణయించారు.

ఇప్పుడు కాగితం తీయండి.

ఒకటి: 22 క్యారెట్ల గొలుసు 20 గ్రాములు, 18 క్యారెట్ల ఉంగరం 10 గ్రాములు కలిపి కరిగిస్తే ఎన్ని క్యారెట్లు? (జవాబు 20.67. మీకు 20 వస్తే బరువులతో గుణించడం మర్చిపోయారు.)

రెండు: అందులో మేలిమి ఎన్ని గ్రాములు?

మూడు: పై లీలావతి లెక్కలో వచ్చిన 20 మాషలను శుద్ధి చేస్తే 16 మాషలు మిగిలాయి, పోయినదంతా కల్తీయే. ఇప్పుడు ఎన్ని వన్నెలు?

చివరి రెండిటి జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో హాల్‌మార్క్ ముద్రలు చదవడం నేర్చుకుందాం.