మోరెల్స్ కోసం అడవికి వెళ్లేముందు

చలి తగ్గి, నాలుగు చినుకులు పడి, నేల కాస్త వెచ్చబడగానే అడవిలో మోరెల్ పుట్టగొడుగులు మొదలవుతాయి. ఒక్కటి దొరికితే చాలు, ఇక చూపంతా నేల మీదే. చిక్కంతా అక్కడే. ఆ ఊపులో ఏది కనబడినా మోరెల్‌లాగే అనిపిస్తుంది.

అందుకే కత్తి తీసుకెళ్లండి, కోయడం కన్నా చీల్చి చూడడానికి. కొన నుంచి కాడ చివరిదాకా నిలువునా చీలిస్తే మోరెల్ లోపలంతా ఒకటే గుల్లగా ఉంటుంది. పైన తేనెపట్టులా గుంతలుంటాయి. దీన్ని పోలిన గైరోమిట్రా అనే విషపు పుట్టగొడుగుకు గుంతలు ఉండవు, మెదడులా ముడతలుంటాయి. చీలిస్తే గదులు గదులుగా కనిపిస్తుంది. అందులోని విషం ఒంట్లోకి వెళ్లాక రాకెట్ ఇంధనంగా వాడే రసాయనంగా మారుతుంది. ఉడికిస్తే పోతుందంటారు గానీ, ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చినా ప్రమాదమే. నన్నడిగితే దాని జోలికే పోవద్దు. అసలు మోరెల్‌ని కూడా పచ్చిగా తినకూడదు. బాగా ఉడికించి, మొదటిసారి కొంచెమే తినండి.

మామూలు గొడుగు ఆకారంలో, కింద తెల్లటి రేకులతో ఉన్నవి కనిపిస్తే ఇంకా జాగ్రత్త. పైపైన కోసేస్తే అసలు గుర్తు మట్టిలోనే ఉండిపోతుంది. కత్తిమొనతో చుట్టూ తవ్వి, అడుగుతో సహా పైకి తీయండి. కాడ మొదలు పలచటి సంచిలో కూర్చున్నట్టు ఉంటే అది ప్రాణాలు తీసే డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు జాతిది కావచ్చు. ముట్టుకుంటే ఏమీ కాదు, బుట్టలో మాత్రం వేయకండి. సంచి కనబడలేదు కదా అని తినదగినదే అనుకోవద్దు. వెండి చెంచా నల్లబడలేదు, నత్తలు కొరికాయి లాంటి పరీక్షలు దేనికీ పనికిరావు. ఫోన్ యాప్ మాటా అంతే.

పిడుదులు పట్టే కాలం కూడా ఇదే. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోండి, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక చూసుకోండి. రోడ్ల పక్కన మొలిచినవి వద్దు, అవి సీసం లాంటి లోహాలను పీల్చుకుంటాయి.

డెత్ క్యాప్ విషం వండినా, ఎండబెట్టినా పోదు. తిన్నాక సాధారణంగా 6 నుంచి 12 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒక రోజుకు అవి తగ్గి "హమ్మయ్య" అనుకునే సమయానికి లోపల లివర్ దెబ్బతింటూ ఉంటుంది. తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోకండి, అనుమానం వచ్చిన వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అందుకే తెచ్చిన ప్రతి రకంలోనూ వండనిది ఒకటి కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఏం తిన్నారని డాక్టర్ అడిగితే చూపించడానికి అదే ఉంటుంది.