ఊరి సైటుకి కొత్త రూపు ఇచ్చే ముందు: నిర్వాహకులకు కొన్ని జాగ్రత్తలు

సోంపేట నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు, రాజాం నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లు, బొబ్బిలిలో కలిసి చదువుకున్నవాళ్లు, పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్లు... ఇలా ఎవరికి వాళ్లు ఒక సైటు పెట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే మంచీచెడ్డా మాట్లాడుకునే బృందాలు మన వైపు తక్కువేం కాదు. కొన్నాళ్లకి ఆ సైటు పాతబడుతుంది. ఫోన్లో సరిగ్గా తెరుచుకోదు. కమిటీలోకి కొత్తగా వచ్చిన కుర్రాడెవరో "మొత్తం మార్చేద్దాం సార్" అంటాడు. మార్చాల్సిందే, కాదనను. కానీ మార్చిన మర్నాడు వచ్చే ఫోన్లు ఎలా ఉంటాయో ముందే ఊహించుకోండి. పొద్దున్న "ఏటైపోనాదిరా మన సైటు? మా ఊరోళ్ల పేజీ ఎక్కడికెల్లిపోనాది?" అని మొదలవుతాయి. సాయంత్రానికి "చేతకాకపోతే మానీండి" దాకా వస్తాయి.

ఆ తిట్లలో కొన్ని తప్పించుకోవచ్చు. కొన్ని పడాల్సిందే. ఏవి ఏవో ముందే తెలుసుకుంటే సగం పని అయినట్టే.

2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ (మిత్రులు ఏం చేస్తున్నారో ఒకేచోట వరసగా చూపించేది) పెట్టినప్పుడు లక్షలమంది దానికి వ్యతిరేకంగా ఫేస్‌బుక్‌లోనే గుంపు కట్టారు. సంస్థ తప్పు ఒప్పుకుని ప్రైవసీ సెట్టింగులు చేర్చింది. ఫీడ్ మాత్రం తియ్యలేదు. జనం తిట్టుకుంటూనే ఉండిపోయారు. 2010 ఆగస్టులో, సభ్యులే లింకులు పెట్టి ఓట్లేసే డిగ్ అనే సైటు తన నాలుగో వెర్షన్ తెచ్చింది. నచ్చని లింకును కిందికి తొక్కే బటన్ తీసేసింది. ప్రచురణ సంస్థలు తమ వార్తలను తామే నేరుగా గుమ్మరించే వీలు కల్పించింది. సభ్యులు ఏం చేశారంటే, డిగ్ మొదటి పేజీనే పోటీ సైటు రెడిట్ లింకులతో నింపేసి, అటే వెళ్లిపోయారు. అంత పేరున్న సైటు 2012లో సుమారు 5 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. ఫేస్‌బుక్‌లో కనబడే తీరు మారింది గానీ, జనం అంతకుముందు చేసుకునే పనేదీ పోలేదు. డిగ్‌లో సభ్యుల చేతిలో ఉన్న పనే పోయింది. మీ కుర్రాడు గీసుకొచ్చిన కొత్త డిజైన్ చూసినప్పుడు రంగులు తర్వాత చూడండి. ముందు అడగాల్సింది ఒక్కటే: ఇందులో ఎవరి పని ఆగిపోతోంది?

ఎవరి పని ఏమిటో కమిటీ మీటింగులో తేలదు. అక్కడ కూర్చునేవాళ్లకి మొదటి పేజీ ఫోటో ఎంత పెద్దగా ఉండాలన్నదే గొడవ. సర్వర్ లాగులు (ఎవరు ఏ పేజీ తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టా) తీసి, గత మూడు నెలల్లో జనం ఎక్కువగా తెరిచిన పేజీలు వరసగా రాసుకోండి. తరచుగా తేలేది ఏమిటంటే, అధ్యక్షుల వారి సందేశం ఎవరూ చూడరు, రక్తదాతల జాబితా మాత్రం రోజూ ఎవరో ఒకరు తెరుస్తుంటారు. ఉద్దానం వైపు ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఊళ్లున్నాయి. డయాలసిస్ ఎక్కడ దొరుకుతుందో చెప్పే పాత పోస్టు ఒకటి మీ సైటులో ఉంటే, అది చూడ్డానికి ఎంత అందవికారంగా ఉన్నా సరే, మొదటి పేజీ నుంచి ఒక్క నొక్కుకి అందాలి. దాన్ని "వనరులు" అనే మెనూ కింద, అందులో "ఆరోగ్యం" కింద దాచిన రోజున మీకు ఫోన్ రాదు. ఆ మనిషి వెతికి వెతికి ఊరుకుంటాడు, అంతే.

ఫోన్ చేసేవాళ్ల లెక్క కూడా చూసుకోండి. ఆన్‌లైన్ బృందాల్లో నూటికి 90 మంది చదివి ఊరుకుంటారని, 9 మంది అప్పుడప్పుడూ రాస్తారని, చాలా మటుకు రాసేది ఒక్కరేనని వెబ్‌సైట్ల వాడుక నిపుణుడు యాకబ్ నీల్సన్ 2006లో రాసిన లెక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఒక్కరికి కోపం వస్తే సైటు మూగబోతుంది. కాబట్టి కొత్త రూపాన్ని ముందుగా చూపించాల్సింది ఆయనకే, లేదా ఆవిడకే. చదివి ఊరుకునేవాళ్ల కోసం ఇంకో పని చెయ్యండి. అరవై దాటిన మావయ్యనో, పెద్దమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల ఫోన్లోనే కొత్త సైటు తెరిచిచ్చి, "మన ఊరి కబుర్లు చూడండి" అని నోరు మూసుకోండి. "అది కాదు, పైన మూడు గీతలు నొక్కండి" అని మీరు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ మూడు గీతలు పనికిరావని అర్థం.

ఇక తెలుగు సంగతి. డిజైనర్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే వాళ్లు కొనే టెంప్లేట్లన్నీ ఇంగ్లిష్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి.

కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతులు రకరకాలు. పాత డేటాబేసుల్లో చాలావాటికి పైన లాటిన్-1 (ఇంగ్లిష్ లాంటి యూరప్ భాషల పద్ధతి) అని పేరుంటుంది, లోపల ఉండేది యూటీఎఫ్-8 (అన్ని భాషలకీ పనికొచ్చే పద్ధతి). తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ అందులో 3 బైట్లు పడతాయి. పైన పేరు నమ్మి మార్పిడి చేస్తే ఒక్కో గుర్తూ మూడు ముక్కలై, తెలుగంతా నెత్తిన గీతలున్న లాటిన్ అక్షరాల గుట్టగా మారుతుంది. ఇంకో చిక్కు నమస్కారం ఎమోజీతో వస్తుంది. ఎమోజీకి 4 బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు ప్రోగ్రాములో యూటీఎఫ్-8 అని మామూలుగా రాసిన పాత పద్ధతి 3 బైట్లకే సరిపోతుంది. సెట్టింగులు వదులుగా ఉంటే, ఎమోజీ దగ్గర రాత తెగిపోయి ఆ తర్వాతదంతా మాయమవుతుంది. చనిపోయిన మాస్టారి గురించి ఎవరో చేతులు జోడించి నాలుగు పేరాలు రాసి ఉంటే, మిగిలేది ఆయన పేరు వరకే కావచ్చు. 4 బైట్లకీ చోటుండే యూటీఎఫ్-8ఎంబీ4 పెట్టుకోండి. అంతకన్నా ముందు, బ్యాకప్ తీశామని సంబరపడకుండా, దాన్ని వేరే కంప్యూటర్లో తిరిగి ఎక్కించి పాత పోస్టులు తెరిచి చదవండి. తెరిచి చూడని బ్యాకప్పుని నేను బ్యాకప్ అనను.

"రాజ్‌కుమార్" అన్న పేరులో జ మీద పొల్లు విడిగా నిలబడటానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. "అనవసరమైన అక్షరాలు" తీసేస్తున్నామంటూ మార్పిడి ప్రోగ్రాములు దాన్ని ఊడ్చేస్తే, ఆయన "రాజ్కుమార్" అయిపోతాడు. తన పేరు తప్పుగా కనబడిన మనిషికి మీరు ఇంకేం చెప్పినా వినబడదు. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత సంచికలు ఉంటే వాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చి, ఒక మనిషి చేత దిద్దించాలి. లేకపోతే ఫాంటు మారిన క్షణంలో అవి అర్థంలేని గుర్తులు.

వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి సరిపోయినంత ఉంటే తెలుగుకి చాలదు. "రాష్ట్రం"లో ఒత్తులు కింది వరుస గుడుల్లోకి దిగిపోతాయి. బటన్ ఎత్తు బిగించి పెడితే ఒత్తులు తెగి, "వ్యాఖ్య" కాస్తా "వాఖ" అవుతుంది. వరుస ఎత్తు అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లకి పైగా ఉంచండి. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు, విజయనగరంలో బతికిన గురజాడ పేర్లతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత తెలుగు ఫాంట్లున్నాయి. మన జిల్లావాళ్లే కదా అని ముచ్చటపడి మొత్తం సైటుకి అవే పెట్టకండి. శీర్షికలకి బాగుంటాయి. చిన్న అక్షరాల్లో పేజీలకి పేజీలు చదవడానికి నోటో సాన్స్ లాంటిది హాయి. వెతుకుడు గడిలో ఇంగ్లిష్ అక్షరాలతో ఊరి పేరు కొట్టినా ఫలితం రావాలి. మనవాళ్లలో చాలామంది అలాగే వెతుకుతారు.

సభ్యుల వివరాలు కొత్త ఫారంలోకి ఎక్కించేటప్పుడు జిల్లా పేరు దగ్గర ఆగండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఆటోమేటిక్‌గా సరిచేసేద్దామని చూస్తే, "మాది శ్రీకాకుళమే, నువ్వెవడివి మార్చడానికి" అని గల్ఫ్ నుంచి కూడా ఫోన్ వస్తుంది. వాళ్లు రాసుకున్న జిల్లాను అలాగే ఉంచండి. మండలం పేరు కోసం విడిగా గడి పెట్టుకుంటే వెతకడానికీ ఇబ్బంది ఉండదు.

లాగిన్ దగ్గర అందరినీ ఒకేసారి బయటికి తోసి "కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి" అనడం కంటే పెద్ద పొరపాటు లేదు. పదేళ్ల కిందట ఇచ్చిన మెయిల్ ఐడీ చాలామందికి గుర్తుండదు. ఓడల మీద పనిచేసేవాళ్లకి, కువైట్‌లో ఉన్నవాళ్లకి ఇక్కడి సిమ్ పనిచెయ్యకపోవచ్చు, ఓటీపీ అందదు. ఓటీపీలో ఇంకో మెలిక ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం సందేశం టెంప్లేట్ (నమూనా) ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో నమోదై ఉండాలి. సైటు పేరు మార్చి, ఆ పేరుతో పంపే సందేశానికి మళ్లీ ఆమోదం తీసుకోకపోతే అది మధ్యలోనే ఆగిపోతుంది. మీ ఫోన్లో పరీక్షించినప్పుడు వచ్చింది పాత టెంప్లేట్ కాదు కదా అని చూసుకోండి.

లింకులు తెగకూడదు. పాత చిరునామాలు వాట్సాప్ గ్రూపుల్లో, గ్రంథాలయం గోడ మీది క్యూఆర్ కోడ్‌లో, సంఘం అచ్చేసిన క్యాలెండర్‌లో ఉండిపోయాయి. పాత చిరునామా, దాని ఎదురుగా కొత్తది, ఇలా పట్టిక తయారుచేసి 301 దారి మళ్లింపులు (పాత చిరునామా తెరిస్తే శాశ్వతంగా కొత్తదానికి తీసుకెళ్లేవి) పెట్టించండి. అన్నిటినీ మొదటి పేజీకి మళ్లిస్తే మళ్లించనట్టే.

ముహూర్తం విషయంలో మాత్రం నేను కాస్త చాదస్తుణ్ణి. అక్టోబరులో సైటు ముట్టుకోవద్దు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఆ వారాల్లో కరెంటు ఉండదు, టవర్లు పడిపోతాయి. దూరాన ఉన్న పిల్లలు "మా వీధిలో ఎవరైనా పలికితే చెప్పండి" అని వెతుక్కునేది మీ సైటులోనే. అప్పుడు వాళ్లకి అలవాటైన చోట అలవాటైన గడి ఉండాలి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం కూడా ఆ రోజుల్లోనే పడుతుంది, ఫోటోల కోసం జనం ఎగబడతారు. నవంబరు, డిసెంబరు మొదటి సగం కూడా తుపాన్ల కాలమే. సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉంటారు కాబట్టి చూపించడానికి మంచిదే, మార్చడానికి కాదు. రథసప్తమికి అరసవల్లి కబుర్లతో సైటు నిండుగా ఉంటుంది. నన్నడిగితే ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, పెళ్లి కబుర్లూ ఉండవు. శుభకార్యాలకి పనికిరాదన్న నెల సైటు మార్చడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆ నెలలోనూ గురువారం రాత్రి వద్దు. గల్ఫ్‌లో చాలాచోట్ల శుక్రవారం సెలవు, అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. మంగళవారం పొద్దున్న మొదలుపెడితే, సరిచెయ్యడానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంటాయి. డొమైన్ టీటీఎల్ (సైటు ఏ సర్వర్‌లో ఉందో ఇతర కంప్యూటర్లు గుర్తుపెట్టుకునే గడువు) ముందు రోజే తగ్గించి పెట్టుకోండి, వెనక్కి తిప్పాల్సి వస్తే త్వరగా తిరుగుతుంది. వెనక్కి తిప్పితే ఈలోగా కొత్త సైటులో పడిన పోస్టుల్ని పాతదానిలోకి ఎలా తెస్తారో కూడా ముందే తేల్చుకోవాలి. దీని గురించి అడిగితే చాలామంది డెవలపర్లు మొహమొహాలు చూసుకుంటారు.

పాత రూపాన్ని కొన్ని నెలలు పక్కనే ఉంచండి. రెడిట్ 2018లో రూపు మార్చాక పాతదాన్ని వేరే చిరునామాలో కొనసాగనిచ్చింది. ఇంగ్లిష్ వికీపీడియా 2023 జనవరిలో కొత్త రూపు తెచ్చినప్పుడు, లాగిన్ అయినవాళ్లు అభిరుచుల్లోకి వెళ్లి పాతదాన్నే ఎంచుకునే వీలు ఉంచింది. మీ చిన్న సైటుకి రెండూ నడపడం ఖర్చే. కనీసం చదువుకోవడానికి వీలుగా పాతదాన్ని ఉంచినా, కోపం బాగా చల్లారుతుంది.

మార్చాక వచ్చే ఫిర్యాదుల్ని మూడుగా విడదీయండి. "ఇది పోయింది" అన్నదాన్ని ఆ రోజే చూడాలి. "ఇది దొరకట్లేదు" అన్నదాన్ని వారంలోగా. "ఇది నచ్చలేదు" అన్నదాన్ని నెల రోజులు అలా వదిలెయ్యండి, చాలావరకు దానంతటదే సద్దుమణుగుతుంది. అందరికీ జవాబు చెప్పేది ఒక్కరే అయితే మేలు, ఆ ఒక్కరూ డిజైన్ చేసిన మనిషి కాకపోతే ఇంకా మేలు. తిట్టిన పోస్టులు తొలగించకండి. "కొన్నాళ్లకి అలవాటైపోతుంది లెండి" అన్న మాట నిజమే అయినా నోటి నుంచి రానివ్వకండి. వయసులో పెద్దవాళ్లతో అస్సలు వద్దు. వాళ్లు తమకే చేతకాలేదనుకుని సిగ్గుపడి మానేస్తారు. లాగులో ఎవరి పేరు కనబడటం ఆగిపోయిందో చూసి, "బాబాయ్, ఈమధ్య కనబడట్లేదేటి?" అని మీరే ఫోన్ చెయ్యండి.

సభ్యులకీ ఒక మాట. మీ సైటు మారబోతోందని తెలిసిన రోజే మీ ఫోటోలు, మీరు రాసుకున్నవి దించుకోండి. ముఖ్యమైన పేజీల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడ్డాయి. ముందుగా చెప్పే మూశారు. అయినా తియ్యనివాళ్ల ఫోటోలు పోయాయి.

నిర్వాహకులు ఇంకొకటి చూసుకోవాలి. డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి మెయిల్ మీద ఉందో, గడువు ఎప్పుడో కాగితం మీద రాసి కమిటీలో కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. కొత్త సర్వర్‌కి మారిన సంబరంలో పాతదాని అద్దె ఆపేస్తారు. పాత ఫోటోలన్నీ ఇంకా అక్కడి నుంచే వస్తున్నాయేమో చూసుకున్నాకే ఆపండి.