లోపలి మాటను పట్టుకోవడం - 3వ పాఠం: ఎవరి యాసలో వచ్చింది?

లోపలి మాట అంటే పైకి అనకుండా మనసులో మనం అనుకునే మాట. దాన్ని అప్పటికప్పుడు రాసుకోవడానికి పోయిన పాఠంలో చెప్పిన చిన్న పుస్తకం, పెన్ను జేబులో ఉన్నాయి కదా. ఈసారి ఫోన్ అలారం కూడా కావాలి.

ఇంట్లో ఒకరికి ఫోనిచ్చి, పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా తమకు తోచిన ఆరు సమయాలకు అలారం పెట్టమనండి. మీరు చూడొద్దు. రెండు గంటలకొకటి చొప్పున మీరే పెట్టుకుంటే మనసు ముందునుంచే కాచుకుని కూర్చుంటుంది, పుస్తకంలోకి ఎక్కేది ఆ కాచుకోవడమే. ఇట్లా ఎప్పుడు మోగేదీ తెలియకుండా పట్టుకునే పద్ధతి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రసెల్ హర్ల్‌బర్ట్‌ది. ఆయన బీప్‌మని మోగే చిన్న పరికరం వాడతారు, మనకు అలారం చాలు. బండి నడుపుతుండగా మోగితే వదిలేయండి.

రాయాల్సింది మోతకు సరిగ్గా ముందు క్షణంలో మనసులో ఉన్నది, మోత విన్నాక అనుకున్నది కాదు. "టెన్షన్‌గా ఉన్న" అని రాస్తే పనికిరాదు, అది మీ తీర్పు. మాటలుంటే ఆ మాటలే రాయాలి. లేకపోతే "లేవు" అని రాసి, ఉన్నదేదో రాయాలి: ఒక బొమ్మ, వీపు మీద చెమట, పాట చరణం. లేవని రాయడానికి మొహమాటం వద్దు. 2008లో హర్ల్‌బర్ట్, ఆయనతో పనిచేసిన హీవీ 30 మంది విద్యార్థుల దగ్గర చూస్తే, లోపలి మాట దొరికిన క్షణాలు దాదాపు నాలుగో వంతే. ఒక్కసారీ దొరకనివాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు యాసను దిద్దడం. లోపల "బస్సు ఏడ సచ్చిందో" అని వస్తే పుస్తకంలోకి "బస్సు ఇంకా రాలేదు" అని ఎక్కుతుంది. బడిలో పడ్డ అలవాటు! అట్లా దిద్దితే ఆ మాట ఎవరిదో చెప్పే గుర్తే పోతుంది.

హనుమకొండ చౌరస్తాలో కాజీపేట బస్సు కోసం నిలబడ్డ మనిషి పుస్తకంలో ఇట్లా ఉందనుకోండి:

"గ్యాసు. నిన్ననే చెప్పిన గద బిడ్డా. ఆఁ, చేస్త తియ్."

"గ్యాసు" ఒక్క మాటే. సిలిండర్ అయిపోవచ్చింది, బుక్ చేయలేదు, రాత్రి వంటెట్లా - ఇదంతా అందులోనే ముడుచుకుని ఉంది. లోపలి మాట ఇట్లా కుదించుకుపోతుందని రష్యా శాస్త్రవేత్త వైగోట్‌స్కీ 1934 నాటికే రాశాడు. ఇక "బిడ్డా" అని ఎవరూ తమను తాము పిలుచుకోరు, అది అమ్మ గొంతు. అందులోనే ఒక మందలింపు ఉంది. చివరిది ఆమెకిచ్చిన జవాబు. కుదింపు, వేరేవాళ్ల గొంతు, మంచిచెడ్డలు ఎంచడం, మాటకు జవాబు: లోపలి మాట మీద 2011లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మెక్‌కార్తీ-జోన్స్, ఫెర్నీహో తయారుచేసిన ప్రశ్నావళిలోని నాలుగు రకాలూ ఆ ఒక్క లైనులో ఉన్నాయి.

వేరేవాళ్ల గొంతు లోపల ఎక్కువగా వచ్చేవాళ్లలో, ఎవరూ లేకున్నా మాట వినిపించినట్టనిపించడం కూడా కాస్త ఎక్కువని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. ఈ రెండూ కలిసి కనబడతాయంతే, ఒకటి రెండోదానికి కారణమని తేలలేదు. ఒక వివరణ మాత్రం ఉంది. మాట పుట్టించేటప్పుడు "ఇది నాదే" అనే ముందస్తు కబురు మెదడులోని వినే భాగానికి చేరుతుంది. అది తప్పిపోతే సొంత మాటే పరాయిదిగా తోస్తుంది. అన్ని గొంతులకూ ఈ వివరణ సరిపోదు.

అందుకే ప్రతి మాట పక్కన మూడు గడులు గీయండి: తలలోనా, బయటనా? నేనన్నానా, విన్నానా? ఆపుదామంటే ఆగిందా? నిద్ర పట్టబోతుండగా ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంటే, అది చాలామందికి అయ్యేదే. "నిద్ర అంచు" అని వేరే పేజీలో రాయండి, వీటితో కలపొద్దు.

గొంతు ఆజ్ఞలిస్తున్నా, భయపెడుతున్నా, నిద్ర పోగొడుతున్నా ఈ అభ్యాసం ఆపేయండి, చెవి ఒగ్గేకొద్దీ అది పెరగొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ఇట్లా మూడు రోజులు చేస్తే, రోజుకు ఆరు చొప్పున పద్దెనిమిది చేరతాయి. మొదటిరోజువి ఆరూ కొట్టేయండి, వాటిలో మోత విన్నాక అనుకున్నవే ఎక్కువుంటాయి. మిగిలిన పన్నెండింటిని గడులతో సహా వచ్చే పాఠానికి దగ్గర పెట్టుకోండి.