రైజెన్ 5 5600ఎక్స్: వేగం పెంచడం ఎలా, స్క్రీన్ రాకపోతే ఎక్కడ వెతకాలి

బి550 మదర్‌బోర్డు మీద ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్ పెట్టుకున్న చాలామంది, వేగం పెంచడానికి నేరుగా బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల తెర) వెళ్లి మల్టిప్లయర్ 46 (అంటే 4.6 గిగాహెర్ట్జ్), వోల్టేజీ 1.3 అని రాసేస్తారు. ఈ ప్రాసెసర్‌కి అది నష్టం బేరం. ఏ మార్పూ చేయకుండానే ఒక్క కోర్ మీద పని పడినప్పుడు ఇది 4.6 గిగాహెర్ట్జ్ దాటుతుంది. ఆరు కోర్లనూ ఒకే వేగానికి కట్టేస్తే మంచి కోర్ ఇంకా పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది. అందుకే ఇక్కడ పీబీఓ (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకునే పరిమితులను సడలించడం), కర్వ్ ఆప్టిమైజర్ (కోర్లకు అందే వోల్టేజీని సవరించడం) పద్ధతే చెబుతున్నాం. పీబీఓ వాడినా వారంటీ వర్తించదని ఏఎండీ షరతుల్లో ఉంది, అది తెలుసుకునే దిగండి.

ముందు చూసుకోవాల్సినవి

డబ్బాలో వచ్చే చిన్న కూలర్ దీనికి చాలదు. కనీసం 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ కావాలి. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబర్‌లో 75 డిగ్రీల దగ్గర ఆగిన సిస్టమ్ మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో 90 దాటవచ్చు. 95 డిగ్రీల దగ్గర ఇది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గరిష్ఠ భారం మీద 85 దాటకుండా చూసుకుంటే వేసవికి కూడా వెసులుబాటు ఉంటుంది.

ఏ520 బోర్డులు సీపీయూ (ప్రాసెసర్) ఓవర్‌క్లాకింగ్‌కి, అంటే వేగం పెంచడానికి, ఉద్దేశించినవి కావు, వాటి మీద సమయం వృథా చేయకండి. 2021కి ముందటి బయోస్ అయితే కర్వ్ ఆప్టిమైజర్ కనిపించకపోవచ్చు, అప్‌డేట్ చేయండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు కాబట్టి యూపీఎస్ మీదే చేయాలి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఎందుకో కింద చెబుతాం.

మొదట ర్యామ్, తర్వాతే ప్రాసెసర్

ర్యామ్ తప్పులు అచ్చం ప్రాసెసర్ తప్పుల్లాగే కనిపిస్తాయి. రెండూ ఒకేసారి మార్చితే నేరం ఎవరిదో తేలదు. రెండు స్టిక్‌లుంటే సీపీయూ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టండి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే ప్రొఫైల్) ఆన్ చేయండి. డీడీఆర్4-3600 ర్యామ్‌కి ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి వేగం) 1800 ఉండాలి, అప్పుడే రెండూ ఒకే తాళంలో నడుస్తాయి. 1900 అన్ని చిప్‌లకూ అందదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86లో నాలుగు పాస్‌లు పూర్తికావాలి, ఒక్క ఎర్రర్ వచ్చినా ముందుకు వెళ్లొద్దు.

ఆ తర్వాత వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు నడిపి స్కోరు, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూపిన వేడి, వేగం రాసుకోండి. ఇదే మీ కొలబద్ద.

పీబీఓ, కర్వ్

1. పీబీఓని అడ్వాన్స్‌డ్‌లో పెట్టండి. ఈ చిప్‌కి మొదట ఉండే పరిమితులు పీపీటీ (మొత్తం పవర్) 76 వాట్లు, టీడీసీ (నిలకడగా పోయే కరెంటు) 60 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలపు గరిష్ఠ కరెంటు) 90 ఆంపియర్లు. వీటిని 110, 75, 110కి పెంచండి. పరిమితులు పూర్తిగా ఎత్తేస్తే వచ్చే వేగం స్వల్పం, వేడి మాత్రం చాలా ఎక్కువ.
2. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగెటివ్ 10 ఇవ్వండి. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గిస్తుంది. అదే వేడిలో, అదే కరెంటులో ప్రాసెసర్ ఇంకాస్త పైకి ఎక్కుతుంది.
3. బాగుంటే 15, ఆపైన 20. తర్వాత కోర్ వారీగా సవరించండి. ఏఎండీ వాళ్ల రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో నక్షత్రం గుర్తున్న కోర్‌కి నెగెటివ్ 5 నుంచి 10 దాటకండి. అది ఇప్పటికే తక్కువ వోల్టేజీతో ఎక్కువ వేగం అందుకునే కోర్, తగ్గించడానికి మిగిలింది కొంచెమే. బలహీనమైన కోర్లే నెగెటివ్ 20, 25 తట్టుకుంటాయి.
4. ఇవన్నీ నిలబడ్డాకే బూస్ట్ ఓవర్‌రైడ్‌ని (గరిష్ఠ వేగం హద్దుని) 50 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచండి. 200 దాకా అవకాశం ఉంది కానీ చాలా చిప్‌లకి 100 దగ్గరే ఆగడం మేలు.

ఎక్కువమంది మోసపోయేది పరీక్ష దగ్గరే. సినీబెంచ్ గంటసేపు నడుస్తుంది, అంతా బాగుందనుకుంటారు, రాత్రి యూట్యూబ్ చూస్తుండగా సిస్టమ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. భారీ పనిలో ఆరు కోర్లూ కాస్త తక్కువ వేగంలో నడుస్తాయి. తేలికపాటి పనిలోనే ఒక కోర్ శిఖరానికి ఎగబాకుతుంది, మనం కోసిన మిల్లీవోల్టులు అక్కడే కొరత పడతాయి. కాబట్టి కోర్‌సైక్లర్‌ని ఒక రాత్రంతా వదిలేయండి. అది కోర్ల మీద ఒక్కొక్కటిగా ప్రైమ్95 అనే భార పరీక్ష నడిపి, తప్పిన కోర్ ఏదో చెబుతుంది.

రీస్టార్ట్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరవండి. హార్డ్‌వేర్ తప్పులను నమోదుచేసే డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ కింద ఈవెంట్ 18 కనిపిస్తే కర్వ్ మరీ లోతుగా ఉన్నట్టు. అందులోని ఏపీఐసీ ఐడీ అనే అంకెని రెండుతో భాగించి శేషం వదిలేస్తే కోర్ నంబరు తెలుస్తుంది: 6 లేదా 7 ఉంటే కోర్ 3. ఆ ఒక్క కోర్‌కే 3 నుంచి 5 అంకెలు వెనక్కి రండి. ఈవెంట్ 19 వరసగా వస్తుంటే మాత్రం కర్వ్‌ని ముట్టుకోకండి, అక్కడ అనుమానించాల్సింది ఎఫ్‌క్లాక్‌ని.

స్క్రీన్ రాకపోతే

ముందు రెండు నిమిషాలు ఆగండి. ర్యామ్ సెట్టింగ్ మార్చాక బోర్డు దాన్ని మళ్లీ సరిచూసుకుంటూ రెండు మూడుసార్లు తనే ఆగి ఆన్ అవుతుంది. మధ్యలో స్విచ్ నొక్కేవాళ్లే దాన్ని పాడైందని షాపుకి మోసుకెళతారు.

అప్పటికీ రాకపోతే సీమాస్ క్లియర్ చేయండి, అంటే బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తెండి. పవర్ కేబుల్ తీసి, ఆన్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మాన్యువల్ చూసి సీమాస్ క్లియర్ కోసం ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో పది సెకన్లు కలపండి. పిన్నులు దొరకకపోతే సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చిన సమస్య చాలావరకు ఇక్కడే పోతుంది. ఆపైన తెరమీద ఎఫ్‌టీపీఎం (బిట్‌లాకర్ తాళాన్ని దాచుకునే చోటు) రీసెట్ చేయమంటారా అని వై, ఎన్ అడగవచ్చు. బిట్‌లాకర్ ఉండి కీ చేతిలో లేకపోతే వై నొక్కకండి, డిస్క్ తెరుచుకోదు.

ఇంకా లేవకపోతే బోర్డు అంచున ఉండే నాలుగు చిన్న లైట్లు చూడండి. ఏది వెలిగి ఉండిపోయిందో అక్కడే ఆగిందన్నమాట.

సీపీయూ లైట్: బోర్డు పైమూలలో 8 పిన్నుల కేబుల్ ఉందా చూడండి. అది 4, 4గా విడిపోయేది. గ్రాఫిక్స్ కార్డుకి వచ్చే 6, 2 కేబుల్ చూడటానికి అలాగే ఉంటుంది కానీ ప్లస్, గ్రౌండ్ తారుమారు. బలవంతంగా తోస్తే బోర్డు కాలిపోతుంది. బి450 బోర్డు అయితే పాత బయోస్ ఈ చిప్‌ని గుర్తించకపోవచ్చు. వంగిన పిన్ను కూడా కారణం కావచ్చు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ని నిలువునా లాగితే పేస్ట్ పట్టుకుని సాకెట్‌లోంచి ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది. ఊడదీసే ముందు సిస్టమ్ లేస్తే పది నిమిషాలు నడిపి వేడెక్కించండి. లేవకపోయినా సరే, కూలర్‌ని అటూఇటూ తిప్పి వదులుచేశాకే ఎత్తండి.

డీర్యామ్ లైట్: ఒకే స్టిక్‌ని రెండో స్లాట్‌లో పెట్టి చూడండి, తర్వాత రెండో స్టిక్. క్లిప్ చప్పుడయ్యేదాకా నొక్కాలి. స్టిక్ కాంటాక్టులను ఎరేజర్‌తో రుద్దడం మన షాపుల్లో అలవాటు కానీ ఆ పొట్టు స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు.

వీజీఏ లైట్: 5600ఎక్స్‌లో గ్రాఫిక్స్ లేదు. బోర్డు వెనకాల హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలిస్తే ఎన్నటికీ బొమ్మ రాదు, కార్డుకే తగిలించాలి. రైజర్ కేబుల్ (కార్డుని బోర్డుకి కలిపే పొడిగింపు) వాడుతుంటే బయోస్‌లో ఆ స్లాట్ వేగాన్ని జెన్ 3కి దించండి.

బూట్ లైట్: ప్రాసెసర్, ర్యామ్ దాటిపోయినట్టే. సీమాస్ క్లియర్‌తో సీఎస్ఎం (పాత తరహా బూట్ పద్ధతి) సెట్టింగ్ మారి ఉంటుంది. ఎంబీఆర్ (పాత తరహా విభజన) డిస్క్ మీద వేసిన పాత విండోస్ సీఎస్ఎం ఆన్ చేస్తేనే లేస్తుంది.

నాలుగింటిలో ఏదీ తేలకపోతే బోర్డుని క్యాబినెట్‌లోంచి తీసి అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ఒక స్టిక్, కార్డు, పవర్ సప్లయ్ మాత్రమే తగిలించండి. పవర్ స్విచ్ పిన్నులను స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం తాకించండి. ఇక్కడ లేచి క్యాబినెట్‌లో లేవకపోతే, బోర్డు కింద అక్కర్లేని చోట బిగించిన ఇత్తడి స్టాండ్‌ఆఫ్ (బోర్డుని ఎత్తి నిలిపే చిన్న స్క్రూ) వెతకండి.

బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులో చివరి ప్రయత్నంగా ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో, మాన్యువల్ చెప్పిన పేరుతో బయోస్ ఫైల్ పెట్టి, గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులోనే తగిలించి బటన్ నొక్కండి. లైట్ మిణుకుమిణుకుమనడం ఆగేదాకా కరెంటు తీయకండి. కొత్త బయోస్‌లో పాత ప్రొఫైల్ చాలాసార్లు తెరుచుకోదు కాబట్టి కర్వ్ అంకెలు కోర్ వారీగా ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.