యాంటీవైరస్ పట్టుకున్నది నిజంగా వైరస్సేనా?

హెచ్చరిక కనబడగానే కొందరు టెన్షన్ పడి ఫైల్ డిలీట్ చేస్తారు, కొందరు "ఇది మామూలే" అంటూ ఎలౌ నొక్కేస్తారు. రెండూ వద్దు. క్వారంటైన్‌లో, అంటే యాంటీవైరస్ అనుమానపు ఫైళ్ళని విడిగా బంధించి ఉంచే చోట పడిన ఫైల్ అక్కడి నుంచి రన్ కాలేదు కాబట్టి అక్కడే ఉండనిచ్చి నిదానంగా చూడండి.

ముందు దానికి పెట్టిన పేరు చదవండి. పీడీఎఫ్‌లు కలపడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకుని పైఇన్‌స్టాలర్ అనే టూల్‌తో ఈఎక్స్‌ఈగా (నేరుగా రన్ అయ్యే ఫైల్‌గా) మార్చానో లేదో, నా యాంటీవైరస్ దాన్ని ట్రోజన్ (మంచి ప్రోగ్రాంలా నటించే వైరస్) అని లాగేసింది, అందులో ప్రతి లైనూ నేను రాసిందే! పైఇన్‌స్టాలర్‌ని దొంగ ప్రోగ్రాములు రాసేవాళ్ళూ వాడతారు, అందుకే ఆ పోలిక. పేరులో జెనరిక్, హ్యూర్ లాంటి ముక్కలున్నా, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఇచ్చిన పేరు చివర ఎంఎల్ అని ఉన్నా అది పోలికను బట్టి వేసిన అంచనా అని అర్థం. అంచనా నిజమూ కావచ్చు.

తర్వాత వైరస్‌టోటల్, అంటే ఒకే ఫైల్‌ని ఎన్నో యాంటీవైరస్ ఇంజిన్లతో పరీక్షించే సైట్. ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళు తమ సైట్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) ఇచ్చి ఉంటే దాన్ని వైరస్‌టోటల్‌లో వెతకండి, ఫైల్ బయటికి తీయక్కర్లేదు. 70కి పైగా ఇంజిన్ల ఫలితాలు కనిపిస్తాయి, కానీ ఊరికే లెక్కపెట్టకండి: చాలా కంపెనీలు బిట్‌డిఫెండర్ ఇంజిన్‌నే అద్దెకు తీసుకుని వాడతాయి, అందుకే ఐదు చోట్ల అచ్చం ఒకే పేరు కనిపిస్తే అది ఒక్కరి మాటే కావచ్చు. డీటెయిల్స్‌లో ఫైల్ మొదటిసారి ఎప్పుడు వచ్చిందో, డిజిటల్ సంతకం ఎవరిదో చూడండి. ఏళ్ళ తరబడి తిరుగుతున్న, సంతకం సరిగ్గా ఉన్న ఫైల్‌ని ఒకరిద్దరే పట్టుకుంటే నేను పెద్దగా భయపడను. నిన్న పుట్టిన ఫైల్‌కి మాత్రం ఒక్క ఇంజినూ పట్టుకోకపోయినా నమ్మను. ఆధార్, బ్యాంకు కాగితాలు అక్కడ అస్సలు అప్‌లోడ్ చేయకండి, ఆ ఫైళ్ళు వేరే సెక్యూరిటీ కంపెనీల చేతికీ వెళ్తాయి.

మీ దగ్గరున్నది అదే ఫైలా అన్నది కూడా తేల్చుకోవాలి. ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళ సొంత సైట్ నుంచి మళ్ళీ డౌన్‌లోడ్ చేసి, విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్‌తో వచ్చిన హ్యాష్‌ని వాళ్ళిచ్చిన దానితో పోల్చండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చే "యాంటీవైరస్ ఆపేయండి, అది ఫాల్స్ పాజిటివ్ (తప్పు హెచ్చరిక)" అన్న మాటని దయచేసి నమ్మకండి, అదే మాట చెప్పి పాస్‌వర్డులు కొట్టేసేవాళ్ళున్నారు.

ఏళ్ళుగా వాడుతున్న ప్రోగ్రాం హఠాత్తుగా దొరికితే యాంటీవైరస్‌నే అప్‌డేట్ చేసి మళ్ళీ స్కాన్ చేయండి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైల్ ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అనుకోవడంతో కంప్యూటర్లు పదేపదే రీస్టార్ట్ అయ్యాయి.

అయినా తేలకపోతే ఫైల్‌ని యాంటీవైరస్ కంపెనీకే పంపండి, మైక్రోసాఫ్ట్‌కి దీనికోసం ప్రత్యేకంగా పేజీ ఉంది. తప్పు హెచ్చరికే అని తేలాక ఆ ఒక్క ఫైల్‌కే మినహాయింపు ఇవ్వండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తానికి మాత్రం వద్దు.