అద్దె ఇల్లు ఖాళీ చేయించడానికి నోటీసు ఎలా ఇవ్వాలి?

అద్దెకున్నవాళ్లు నాలుగు నెలలుగా అద్దె సరిగ్గా కట్టడం లేదు. లేదా మీ అబ్బాయికి పెళ్లయింది, పై పోర్షన్ మీకే కావాలి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా "చూస్తున్నాం సార్, దొరకట్లేదు" అనే మాటే వస్తోంది. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా చాలామంది ఓనర్లు ఈ దశలో కోపంతో తొందరపడతారు. మోటారు ఆపేస్తారు, కరెంటు తీయిస్తారు, వాళ్లు ఊరెళ్లినప్పుడు వేరే తాళం వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చట్టప్రకారం కాకుండా బయటికి పంపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపు దావా వేసి వాళ్లు మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. పోలీసు కేసు టెన్షన్ అదనం.

ముందు అగ్రిమెంటు బయటికి తీయండి. ఖాళీ చేయించాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలని అందులో రాసుకున్నారో, అదే గడువు ఇవ్వాలి. ఒప్పుకున్న గడువు ఇంకా నడుస్తుంటే మనకు అవసరం వచ్చిందని మధ్యలో లేపడం కుదరదు. అలా లేపాలంటే, షరతు తప్పితే అద్దె ఒప్పందం రద్దవుతుందని అందులో రాసుకుని, వాళ్లు ఆ షరతు తప్పి ఉండాలి. మన దగ్గర ఎక్కువగా 11 నెలల కాగితం రాసుకుంటారు, గడువు అయిపోయాక దాన్ని ఎవరూ పట్టించుకోరు, అద్దె మాత్రం నెలనెలా వస్తుంటుంది. అలాంటప్పుడు అది నెలవారీ అద్దె కింద లెక్క. ఆస్తి బదిలీ చట్టం (1882) 106వ సెక్షన్ ప్రకారం దానికి 15 రోజుల నోటీసు చాలు.

ఆ 15 రోజులు మీరు రాసిన తేదీ నుంచి కాదు, నోటీసు వాళ్లకు అందిన రోజు నుంచి మొదలవుతాయి. అద్దె నెల ఆఖరి రోజుతోనే గడువు ముగియాలన్న పాత నియమం 2002 సవరణతో పోయింది.

చట్టం 15 రోజులన్నా, వీలుంటే నెల రోజులు ఇవ్వమనే నేను చెబుతాను. ఆషాఢంలోనో మూఢంలోనో ఇల్లు మారమంటే మన వైపు ఎవరూ కదలరు. పిల్లల పరీక్షలు మార్చిలో ఉంటే ఫిబ్రవరి నోటీసు గొడవకే దారి తీస్తుంది. కదలగలిగే రోజుల్లో గడువు పెడితే సగం కేసులు కోర్టు దాకా పోవు.

నోటీసులో ఏం రాయాలి?

కాగితం మీద రాసి, మీరు సంతకం పెట్టాలి. మీరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే మీ జీపీఏ (మీ తరఫున పనులు చేసే అధికార పత్రం) ఉన్నవాళ్లు గానీ లాయరు గానీ మీ తరఫున ఇవ్వవచ్చు. భాష సూటిగా ఉంటే చాలు:

"నెల్లూరు, దర్గామిట్టలోని ఫలానా డోర్ నంబరు ఇంటి మొదటి అంతస్తులో మీరు నెలకు రూ. 9,000 అద్దెకు ఉంటున్నారు. ఈ నోటీసు మీకు అందిన రోజు నుంచి 30 రోజులు పూర్తి కాగానే మీ అద్దె ఒప్పందం రద్దవుతుంది. ఆ లోపు బకాయి అద్దె చెల్లించి, ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించగలరు. ఆ తర్వాత కూడా ఉంటే ఖాళీ చేసేవరకు నష్టపరిహారం కోరుతూ కోర్టుకు వెళ్తాను."

"అద్దె ఒప్పందం రద్దవుతుంది" అన్న మాట తప్పకుండా ఉండాలి. "బకాయి కట్టకపోతే చర్య తీసుకుంటాం" అని మాత్రమే రాస్తే అది బకాయి నోటీసే అవుతుంది, ఖాళీ నోటీసు కాదు. తిట్లు, పాత గొడవలు రాయకండి. రేపు ఆ కాగితం జడ్జి చదువుతారు.

ఎలా పంపాలి?

పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్ దగ్గర రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ అడిగి తీసుకోండి. రశీదు, నోటీసు కాపీ ఒకే కవర్లో దాచండి. చేతికివ్వాలనుకుంటే వాళ్లకో, ఆ ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులకో ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి. ఇవేవీ వీలు కాకపోతే ఇంటికి కనపడేచోట అంటించమని చట్టమే చెబుతోంది. అంటించినట్టు ఫోటో, ఇద్దరు సాక్షులు ఉంటే మంచిది. వాట్సాప్‌లో కూడా పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోకండి.

గడువు దాటాక అద్దె తీసుకుంటే జాగ్రత్త. ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ ప్రకారం మీరు నోటీసు వదులుకున్నారని వాళ్లు వాదించవచ్చు. ఇప్పుడు ఫోన్‌పేలో డబ్బు దానంతటదే వచ్చి పడుతుంది. పడిన రోజే "దీన్ని అద్దెగా కాదు, ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారంగా, నోటీసుకు భంగం లేకుండా తీసుకుంటున్నాను" అని మెసేజ్ పెట్టండి.

అయినా కదలకపోతే?

దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ పెట్టి చూడండి. ఈ సంస్థ నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ఉంది. హెల్ప్‌లైన్ 15100. ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి అవార్డు (రాజీ ఉత్తర్వు) వస్తే అది కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దానిపై అప్పీలు లేదు. "మే 31కి ఖాళీ చేస్తాం" అన్న మాటకు అంత బలం మరెక్కడా రాదు.

అది కుదరకపోతే లాయరు ద్వారా దావా వేయాలి. రాష్ట్రంలో అద్దె ఇళ్లకు 2017 నాటి ప్రత్యేక చట్టం కూడా ఉంది కాబట్టి ఎక్కడ వేయాలో అగ్రిమెంటు చూపించి ముందే అడగండి. డిక్రీ వచ్చాక కూడా వాళ్లు కదలకపోతే ఈపీ (డిక్రీ అమలు చేయమని కోర్టుకు పెట్టే అర్జీ) వేస్తే అమీనా (కోర్టు ఉద్యోగి) వచ్చి ఖాళీ చేయించి అప్పగిస్తాడు. మీరు మాత్రం సామాను మీద చెయ్యి వేయకూడదు.

మర్యాదగా ఖాళీ చేసినా కాగితం మానకండి. తాళాలు తీసుకున్న తేదీ, కరెంటు మీటర్ రీడింగ్, అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుని ఎంత తిరిగిచ్చారో ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో కాపీ ఉంచుకోండి.