జీడితోటలో తుప్పలు కొట్టే ముందు

దసరా దాటితే పర్లాకిమిడి చుట్టుపక్కల మన ఊళ్లలో జీడితోటల తుప్పలు కొట్టే పని మొదలవుతుంది. ఆ వెనకే వరి కోతలు. స్క్రబ్ టైఫస్ జ్వరాలు ఎక్కువగా వచ్చేదీ ఈ రోజుల్లోనే. 2023 సెప్టెంబరులో మన ఒడిశాలోనే, బర్గఢ్ జిల్లాలో, దీనితో మనుషులు చనిపోయారు.

వానలకి పెరిగిన గడ్డిలో, తుప్పల్లో కంటికి ఆననంత చిన్న పురుగు పిల్లలు ఉంటాయి. అవి కరిస్తేనే ఈ జ్వరం వస్తుంది, కానీ కరిచినప్పుడు నొప్పి తెలియదు. జ్వరం ఎప్పుడో వారం పది రోజులకి, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా వస్తుంది కాబట్టి తోటకి వెళ్లిన సంగతి ఎవరికీ గుర్తుండదు. తలనొప్పి, ఒళ్లునొప్పులు చూసి మలేరియా అనో, టైఫాయిడ్ అనో అనుకుంటాం.

జ్వరం వస్తే ముందు ఒళ్లంతా వెతకండి. కరిచిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. అదీ చాటుగా ఉండే చోటే: చంకలో, గజ్జల్లో, లంగా బొందు కింద, మోకాలి వెనక. మా చిన్నమ్మకి 8 రోజులు జ్వరం కాసింది. రొమ్ము కింద పుండు ఉన్నట్టు ఆవిడకి తెలుసు, సిగ్గుపడి చెప్పలేదు. చివరికి ఒళ్లు తుడుస్తుంటే అక్క చూసింది. ఆడవాళ్లని ఇంట్లో ఆడవాళ్లే అడగాలి, చూడాలి. పక్కు లేనంత మాత్రాన ఈ జబ్బు కాదనుకోవద్దు, కొందరికి అది ఉండదు.

తుప్పల్లో పని చేశామని డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఒడియా రాకపోయినా ఫర్వాలేదు, స్క్రబ్ టైఫస్ అన్న మాట ఏ భాషలోనైనా ఒకటే. పెన్సిలిన్ రకం ఇంజెక్షన్లు దీనికి పనిచేయవు. పెద్దవాళ్లకి మామూలుగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు రాస్తారు, గర్భిణులకి అజిత్రోమైసిన్. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టరు మందు మొదలుపెడతారు. చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, అయినా కోర్సు మధ్యలో ఆపొద్దు. ఆయాసం, మతి తప్పినట్టు మాట్లాడడం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పనికి వెళ్లేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచుల్ని మేజోళ్లలోకి దోపుకోండి. అన్నం తినేటప్పుడు టార్పాలిన్ పరుచుకోండి. పసిపిల్లల్ని గట్టు మీద గడ్డిలో పడుకోబెట్టొద్దు. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేసి, విప్పిన బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి.

పశువులకీ కుక్కలకీ పట్టే పిడుదుల వల్ల ఇలాంటిదే ఇంకో జ్వరం వస్తుంది. దానిలో అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఎర్రమచ్చలు రావచ్చు. దానికీ డాక్సీసైక్లినే మందు. పిడుదు ఒంటికి పట్టుకుంటే కిరసనాయిలు పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు, వేళ్లతో చిదమొద్దు. సన్నటి పటకారుని చర్మానికి ఆనించి, పిడుదుని పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. ఆ చోటు సబ్బుతో కడిగి, ఆ రోజు తేదీకి క్యాలెండర్లో సున్నా చుట్టండి. రెండు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి ముందు ఆ తేదీ చెప్పండి.